పరిధి

పరిధి అంటే ఒక కేంద్రం నుంచి ఏదైనా ఎంతవరకు చేరుతుందో ఆ మేర, ఆ మేర చివరి అంచు. వృత్తం చుట్టుకొలత పరిధి. ఒక పోలీస్ స్టేషన్ కిందికి వచ్చే ఊళ్లన్నీ దాని పరిధి. సెల్ టవర్ సిగ్నల్ అందే దూరం కూడా పరిధే. యజ్ఞాగ్ని చుట్టూ ఉంచే కట్టెలకూ, సూర్యచంద్రుల చుట్టూ కనిపించే వలయానికీ సంస్కృతంలో ఇదే పేరు. గణితం, ఖగోళం, న్యాయం, పరిపాలన, సాంకేతికత ఈ మాటను తలొక విధంగా వాడుకుంటాయి. అయితే అన్ని వాడుకల్లోనూ ఒక లక్షణం నిలిచి ఉంటుంది: పరిధి ఉన్న ప్రతి చోటా దానికి నడుమ ఒక కేంద్రం ఉంటుంది. అది నిప్పు కావచ్చు, కన్ను కావచ్చు, గొంతు కావచ్చు, న్యాయస్థానం కావచ్చు. ఆ కేంద్రం ఏదో తెలిస్తేనే పరిధికి అర్థం కుదురుతుంది.

మాట పుట్టుక

'పరి' అనే ఉపసర్గకు చుట్టూ అని అర్థం. 'ధా' ధాతువుకు ఉంచడం, పెట్టడం అని అర్థం. ఈ రెండూ కలిస్తే పరిధి, అంటే చుట్టూ పెట్టినది. నిధి, విధి, సంధి, సన్నిధి, అవధి అన్నీ ఈ ధాతువు నుంచి వచ్చినవే. ఒంటి చుట్టూ కట్టుకునే బట్టకు పరిధానం అనే పేరు కూడా ఇలాగే ఏర్పడింది.

మొదట ఇది చుట్టూ పెట్టిన వస్తువుకు పేరు. తరువాత చుట్టూ ఉన్న గీతకు పేరయింది. చివరికి ఆ గీత లోపలి చోటంతటికీ పేరయింది. నేటి తెలుగులో గీత అనే అర్థం దాదాపుగా గణితానికే మిగిలింది. మిగతా చోట్ల లోపలి చోటు అనే అర్థమే వాడుకలో ఉంది. అందుకే 'పరిధిలో', 'పరిధిలోకి', 'పరిధి దాటి' అన్న రూపాలే ఎక్కువగా వినిపిస్తాయి.

దగ్గరి మాటలు

పరిధికి దగ్గరగా ఉండే మాటలు చాలా ఉన్నాయి. ఒకటి ఉండాల్సిన చోట మరొకటి పెడితే అర్థం మారిపోతుంది. 'హద్దు' రెండు చోట్లను విడదీసే గీత. దానికి కేంద్రంతో పని లేదు. 'ఎల్ల' కూడా అలాంటిదే, కాస్త పాతకాలపు మాట. 'పరిమితి' కొలిచి పెట్టిన గరిష్ఠం. వేగ పరిమితి, వయోపరిమితి అంటాం గాని అక్కడ పరిధి అనం. 'అవధి' ఎక్కువగా కాలానికి చెందినది; కలన గణితంలో ఒక విలువకు ఎంతైనా దగ్గరగా చేరడాన్ని కూడా అవధి అనే అంటారు. 'వ్యాప్తి' పరచుకోవడాన్ని చెబుతుంది. 'మేర' అచ్చంగా మన ఊళ్ల మాట. దాని గురించి కింద విడిగా చెప్పుకోవాలి.

యజ్ఞాగ్ని చుట్టూ

వైదిక కర్మకాండలో పరిధులు అంటే ఆహవనీయాగ్ని చుట్టూ ఉంచే మూడు కట్టెలు. వీటిని మోదుగ వంటి చెట్ల నుంచి తెస్తారు. ఒకటి పడమట, ఒకటి దక్షిణాన, ఒకటి ఉత్తరాన ఉంచుతారు. తూర్పు వైపు మాత్రం ఏమీ పెట్టరు. రాక్షసులు అగ్నిని చేరకుండా మూడు వైపులా ఈ కట్టెలు కాపు కాస్తాయనీ, తూర్పున ఉదయించే సూర్యుడే కాపలాగా ఉంటాడనీ బ్రాహ్మణ గ్రంథాలు వివరిస్తాయి. పురుషసూక్తంలో ఏడు పరిధుల ప్రస్తావన ఉంది.

మాటకున్న పాత అర్థాల్లో ఇది ఒకటి. ఇక్కడ పరిధి పని రక్షణ. లోపల ఉన్నదాన్ని కాపాడడానికే దాన్ని పెట్టారు. అది నాలుగు వైపులా మూసేసిన గోడ కాకపోవడం గమనించాల్సిన సంగతి.

ఆకాశంలో వరదగుడి

సూర్యుడి చుట్టూ లేదా చంద్రుడి చుట్టూ అప్పుడప్పుడు ఒక పెద్ద వెలుగు వలయం కనిపిస్తుంది. అమరకోశం దీనికి పరివేషం, పరిధి, ఉపసూర్యకం, మండలం అనే పేర్లు చెప్పింది. తెలుగువాళ్లు దీన్ని వరదగుడి అంటారు, చంద్రుడికి గుడి కట్టిందంటారు. 2021 జూన్ 2న హైదరాబాదులో సూర్యుడి చుట్టూ ఇలాంటి వలయం ఏర్పడితే జనం మేడల మీదికెక్కి చూశారు, ఫొటోలు తీశారు.

ఈ వలయానికి కారణం మంచు పలుకులు. నేలకు ఎన్నో కిలోమీటర్ల ఎత్తున పల్చని తెర లాంటి మబ్బు పరుచుకున్నప్పుడు అందులోని మంచు పలుకులు ఆరు పలకల కడ్డీల ఆకారంలో ఉంటాయి. వెలుగు ఒక పలకలోంచి దూరి మరో పలకలోంచి బయటికి వచ్చేటప్పుడు కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. ఎక్కువ వెలుగు ఆ కోణం దగ్గరే పోగుపడుతుంది కాబట్టి కేంద్రం నుంచి 22 డిగ్రీల దూరంలో వలయం ఏర్పడుతుంది. లోపలి అంచు కాస్త ఎర్రగా కనిపిస్తుంది. చెయ్యి చాచి వేళ్లు బాగా విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస వరకు ఆకాశంలో దాదాపు ఇంతే కోణం వస్తుంది. కాబట్టి చంద్రుడి మీద బొటనవేలి కొస ఉంచి వలయాన్ని ఎవరైనా కొలిచి చూడవచ్చు.

దూరాన గుడి కడితే దగ్గర వాన, దగ్గర గుడి కడితే దూరాన వాన అని సామెత. పెద్ద వలయాన్ని కట్టేవి ఎత్తున ఉండే మంచు మబ్బులు. వాన తెచ్చే వాతావరణ వ్యవస్థలకు ముందుగా చాలాసార్లు ఇలాంటి మబ్బులే వచ్చి పరుచుకుంటాయి. చంద్రుణ్ణి అంటిపెట్టుకున్నట్టుండే చిన్న వలయానికి కారణం పల్చని మబ్బులోని సన్నని నీటి బిందువులు. సామెత ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. కానీ రెండు వలయాలూ వేరు వేరు మబ్బుల పని అన్న సంగతిని సేద్యగాళ్ల చూపు పసిగట్టింది.

గణితంలో పరిధి

వృత్తంలో కేంద్రం నుంచి సమాన దూరంలో ఉండే బిందువులన్నీ కలిసి పరిధిని ఏర్పరుస్తాయి. కేంద్రం నుంచి పరిధికి ఉన్న దూరం వ్యాసార్ధం. పరిధిని వ్యాసంతో భాగిస్తే వృత్తం ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఒకే సంఖ్య వస్తుంది. అదే 'పై'. త్రిభుజం, చతురస్రం వంటి వాటికి చుట్టుకొలత అంటారు. పరిధి అన్న మాటను మన పాఠ్యపుస్తకాలు వృత్తానికే కేటాయించాయి.

వ్యాసం 20,000 అయితే వృత్తం చుట్టుకొలత 62,832కు దగ్గరగా ఉంటుందని సా.శ. 499లో ఆర్యభటుడు చెప్పాడు. ఆ లెక్కన పై విలువ 3.1416. ఇది 'ఆసన్నం', అంటే దగ్గరి విలువ అని కూడా అతడే స్పష్టం చేశాడు. 1150లో రెండో భాస్కరుడు లీలావతిలో రెండు సూత్రాలు ఇచ్చాడు. వ్యాసాన్ని 3927తో గుణించి 1250తో భాగిస్తే వచ్చేది సూక్ష్మ పరిధి. 22తో గుణించి 7తో భాగిస్తే వచ్చేది వ్యవహారానికి సరిపోయే స్థూల పరిధి. ఈ రెండింటికీ తేడా ఎంతో చూద్దాం. వ్యాసం 1250 మూరలున్న వృత్తాన్ని తీసుకుంటే సూక్ష్మ పరిధి 3927 మూరలు. స్థూల పరిధి 3928 మూరల పైచిలుకు. తేడా ఒకటిన్నర మూర. అసలు విలువ 3926.99. చిన్న బావికి ఒర కట్టేవాడికి స్థూల సూత్రం చాలు, గ్రహగణితం చేసేవాడికి చాలదు. అందుకే భాస్కరుడు రెండూ ఇచ్చాడు.

తెలుగులో ఈ విద్యకు తొలి గ్రంథకర్త పావులూరి మల్లన. కన్నడ దేశపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

భూమి పరిధిని కొలిచిన తొలి ప్రయత్నాల్లో పేరు పడ్డది క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ చేసినది. ఈజిప్టులోని సైయీన్‌లో ఎండాకాలపు ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడనీ, అదే సమయానికి ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో నీడ పడుతుందనీ ఆయనకు తెలుసు. ఆ నీడ కోణం పూర్తి వృత్తంలో యాభయ్యో వంతు. అంటే రెండు ఊళ్ల నడుమ దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత. భూమధ్యరేఖ వెంట ఆ కొలత 40,075 కిలోమీటర్లని ఇప్పుడు మనకు తెలుసు. ధ్రువాల మీదుగా కొలిస్తే 40,008. ఇది దాదాపు సరిగ్గా నలభై వేలు కావడం యాదృచ్ఛికం కాదు. ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతును ఫ్రాన్సు శాస్త్రవేత్తలు మీటరుగా నిర్ణయించారు. మనం బట్ట కొలిచే మీటరు భూమి పరిధి నుంచి పుట్టింది.

పంచాంగ గణితంలో పరిధికి మరో అర్థం ఉంది. గ్రహాలు ఒకే వేగంతో నడుస్తున్నట్టు కనిపించవు. ఆ తేడాను సవరించడానికి సిద్ధాంత గ్రంథాలు పెద్ద వృత్తం మీద తిరిగే చిన్న వృత్తాన్ని ఊహించాయి. ఆ చిన్న వృత్తం కొలతలకు మందపరిధి, శీఘ్రపరిధి అని పేర్లు. సూర్యసిద్ధాంతం ప్రకారం సూర్యుడి మందపరిధి 14 డిగ్రీలు, చంద్రుడిది 32 డిగ్రీలు. సూర్యచంద్రులకు మందపరిధి ఒక్కటే ఉంటుంది, బుధుడు, కుజుడు మొదలైన ఐదు గ్రహాలకు రెండూ ఉంటాయి.

దేహమే కేంద్రంగా

టేపూ, మైలురాయీ లేని రోజుల్లో మనిషి తన ఒంటినే కేంద్రం చేసుకుని దూరాలు చెప్పాడు. తెలుగులో ఆ మాటలు ఈనాటికీ సజీవంగా ఉన్నాయి. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. వేళ్లు చాచిన చెయ్యి జానెడు. మోచేతి నుంచి నడిమి వేలి కొస వరకు మూరెడు. రెండు చేతులూ చాస్తే బారెడు. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. గుడి ముందు పూలు అమ్మే ఆమె స్కేలు పట్టుకోదు. దండ కొసను వేళ్ల మధ్య పట్టి మోచేతి దాకా లాగి తెంపుతుంది. కొనేవాళ్లు ఆమె చెయ్యి పొడుగా పొట్టా అని ఓ చూపు వేస్తారు.

చెయ్యి అందని దూరానికి గొంతు కొలబద్ద అయింది. గట్టిగా పిలిస్తే వినిపించే దూరం కూతవేటు దూరం. పత్రికలవాళ్లు ఇప్పటికీ ఏదో కార్యాలయానికి కూతవేటు దూరంలోనే చోరీ జరిగిందని రాస్తుంటారు. క్రోసు అనే కొలత వెనుక ఉన్నదీ గొంతే. సంస్కృతంలో క్రోశమంటే అరుపు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. రాతపూర్వకమైన కొలతగా స్థిరపడ్డాక క్రోసు దాదాపు రెండు మైళ్లయింది, ఏ అరుపూ అంత దూరం వినిపించకపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

గొంతు అందని దూరానికి కన్ను. కనుచూపు మేర ఎంతో లెక్క కట్టవచ్చు. కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉందో వస్తుంది. సముద్రపు ఒడ్డున నిలబడ్డ మనిషి కన్ను నీటికి 1.6 మీటర్ల ఎత్తున ఉంటే నీళ్లు, ఆకాశం కలిసే గీత నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. వంద మీటర్ల కొండ మీదికెక్కి చూస్తే అదే గీత 36 కిలోమీటర్ల అవతలికి జరుగుతుంది. దీపస్తంభాలను ఎత్తుగా కట్టడానికి కారణం ఇదే. దీపం ఎంత ప్రకాశించినా భూమి వంపు అడ్డు వస్తే పడవలోని కన్నుకు అందదు.

ఊరి మేర

ఊరికి ఉన్న పరిధి పేరు పొలిమేర. పొలము, మేర కలిసిన మాట ఇది. ఊరి పొలాలు ముగిసే చోటు పొలిమేర. అక్కడ కాపలా గ్రామదేవతది. జాతర వేళ ఊరి చుట్టూ పొలి చల్లుతూ పొలిమేర తిరిగే ఆచారం చాలా ఊళ్లలో ఉంది. ఆ నడకతో ఊరి అంచు ఎక్కడుందో పిల్లలతో సహా అందరికీ తెలిసిపోయేది.

ఒక్కొక్క పొలానికి హద్దులుంటాయి. భూమి అమ్మకపు దస్తావేజులో విస్తీర్ణంతో పాటు చెక్కుబందీ రాస్తారు. తూర్పున ఫలానా వారి పొలం గట్టు, దక్షిణాన పంట కాలువ, పడమట డొంక, ఉత్తరాన ఫలానా వారి మెట్ట భూమి అని నాలుగు దిక్కులా ఏముందో చెప్పి, ఈ హద్దుల మధ్య ఉన్నది అని ముగిస్తారు. ఎకరాల లెక్క ఎంత ఉందన్నది చెబుతుంది, ఎక్కడ ఉందన్నది చెప్పేది చెక్కుబందీ. గట్టు తగాదాలు పుట్టినప్పుడు పెద్దమనుషులు ముందు అడిగేది దాన్నే.

మేరకు ఇంకో గట్టి అర్థం ఉంది. పంట నూర్చాక కళ్లంలోనే రైతు చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి, నీరు పెట్టే నీరటికి కొలిచి ఇచ్చే ధాన్యం పేరు మేర. ఏడాది పొడుగునా వాళ్లు చేసిన పనికి అది ప్రతిఫలం. దాన్ని ఇచ్చాకే మిగతాది ఇంటికి వెళ్లేది. ఎవరి మేర ఎంతో ఊరి కట్టుబాటు నిర్ణయించేది. చేసిన పనికి ఆ కట్టుబాటు ఇచ్చింది చాలా తక్కువ, కులాన్ని బట్టి పనిని తరతరాలకూ అంటగట్టింది కూడా అదే. అయినా పంట మీద పండించినవాడికి ఒక్కడికే కాక మరికొందరికి హక్కు ఉందన్న భావన ఆ మాటలో ఉంది.

ఈనాడు మేర ఎక్కువగా కనిపించేది కార్యాలయాల భాషలో. 'ఆదేశాల మేరకు', 'ఒప్పందం మేరకు', 'వీలైనంత మేర' అన్నప్పుడు అది విభక్తి ప్రత్యయం లాగే పనిచేస్తోంది.

స్వరం, శ్రుతి, సంఖ్య

మనిషి చెవి వినగలిగే ధ్వని పరిధి సెకనుకు దాదాపు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు. వయసు పెరిగే కొద్దీ పై అంచు తగ్గుతూ వస్తుంది. గాయకుల గొంతు పరిధిని సంగీతజ్ఞులు మంద్ర, మధ్య, తార స్థాయిలతో చెబుతారు. ఒక స్థాయి నుంచి పై స్థాయికి వెళ్తే అదే స్వరం కంపనాలు రెట్టింపవుతాయి. బొబ్బిలిలో పనస కర్రతో చేసే సరస్వతీ వీణకు 24 మెట్లుంటాయి. ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు పలుకుతాయి, నాలుగు తీగలూ కలిపితే మూడున్నర స్థాయిల దాకా వస్తుంది. చాలామంది గాయకుల గొంతుకు ఆ విస్తారం అందదు.

గణాంక శాస్త్రంలో అన్నిటికన్నా పెద్ద విలువలోంచి అన్నిటికన్నా చిన్న విలువను తీసేస్తే వచ్చేది వ్యాప్తి. ఒక తరగతిలో మార్కులు 35 నుంచి 92 వరకు ఉంటే వ్యాప్తి 57. ఇది లెక్క కట్టడానికి సులువు. కానీ రెండు కొసలను మాత్రమే చూస్తుంది, నడుమ ఉన్న పిల్లలంతా ఎలా చదివారో చెప్పదు. ప్రమేయాల పాఠంలో వ్యాప్తికి మరో అర్థం ఉంది: ప్రదేశంలోని మూలకాలకు దక్కే విలువలన్నిటి సమితి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన 'రేంజి' ఈ అర్థాల్లో కొన్నింటిని పంచుకుంది. అటవీ శాఖలో బీటు, సెక్షను, వాటి పైన రేంజి ఉంటాయి. విద్యుత్ స్కూటరు కొనేవాళ్లు ఒకసారి చార్జి చేస్తే రేంజి ఎంత అని అడుగుతారు. మాటల్లో అది హోదా కూడా అయింది, మన రేంజి వేరు అంటారు. పర్వతాల వరుసకు మాత్రం తెలుగు శ్రేణి అనే మాటనే నిలుపుకుంది.

తరంగాలు అందే దూరం

సెల్ ఫోన్ వచ్చాక పరిధి ఇంటింటి మాటయింది. మీరు కాల్ చేస్తున్నవారు పరిధిలో లేరన్న రికార్డు గొంతు వినని తెలుగువాడు లేడు. రెండో తరం జీఎస్ఎమ్ ఫోన్లలో ఒక టవర్‌కు గరిష్ఠ పరిధి మామూలుగా 35 కిలోమీటర్లు. దీనికి కారణం సిగ్నల్ బలహీనపడటం ఒక్కటే కాదు. ఒకే పౌనఃపున్యాన్ని ఎనిమిది ఫోన్లు వంతులవారీగా వాడుకుంటాయి. దూరంగా ఉన్న ఫోన్ నుంచి తరంగం రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి తన వంతుకు సరిగ్గా చేరేలా అది కాస్త ముందుగా పంపాలి. ఎంత ముందుగా పంపాలో టవర్ 0 నుంచి 63 వరకు అంచెలుగా చెబుతుంది. ఒక్కో అంచె దాదాపు 550 మీటర్లకు సమానం. అంచెలు అయిపోయిన చోట పరిధి ముగుస్తుంది. సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నా మాట కలవదు.

కొండల్లో చిక్కు వేరు. మన్యం ఊళ్లలో టవర్ దగ్గరే ఉన్నా నడుమ కొండ అడ్డొస్తే సిగ్నల్ రాదు. అందుకే రేషన్ కోసం వేలిముద్ర వేయడానికి, అంబులెన్సును పిలవడానికి గుట్ట ఎక్కాల్సిన ఊళ్లు ఉన్నాయి. పటం మీద పరిధిలో ఉండటం, మనిషికి సేవ అందడం రెండూ ఒకటి కావని వాళ్లకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

తుపానులను పసిగట్టే రాడార్లకూ పరిధి ఉంటుంది. దేశంలో తొలి తుపాను రాడారును 1970లో విశాఖపట్నంలో నెలకొల్పారు. ఇలాంటి రాడార్లు సుమారు 400 కిలోమీటర్ల దూరం వరకు సముద్రం మీది మబ్బులను చూడగలవు. కిరణాన్ని నేలకు సమాంతరంగా పంపినా భూమి వంపు వల్ల 400 కిలోమీటర్ల దూరానికి చేరేసరికి అది సముద్రానికి తొమ్మిది కిలోమీటర్ల పైన ఉంటుంది. దూరాన ఉన్న తుపాను తల మాత్రమే కనిపిస్తుంది, కింద ఏం జరుగుతోందో తుపాను దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. ఆ లోటును ఉపగ్రహాలు తీరుస్తున్నాయి.

సముద్రం మీద పరిధి

అందే దూరమే అధికార పరిధి అయిన సందర్భం సముద్రానిది. ఆయుధాల బలం ఎంతవరకు చేరుతుందో అంతవరకే ఒడ్డున ఉన్న రాజ్యానికి సముద్రం మీద అధికారమని డచ్చి న్యాయవేత్త బింకర్షూక్ 1702లో వాదించాడు. ఫిరంగి గుండు దూరంగా మూడు నాటికల్ మైళ్ల లెక్క తరువాత చాలాకాలం నడిచింది. ఆయుధాలు మారాయి, లెక్కా మారింది. భారతదేశం 1976 చట్టంతో 12 నాటికల్ మైళ్లను, అంటే సుమారు 22 కిలోమీటర్లను ప్రాదేశిక జలాలుగా, 200 నాటికల్ మైళ్లను, అంటే సుమారు 370 కిలోమీటర్లను ప్రత్యేక ఆర్థిక మండలంగా ప్రకటించుకుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 1982లో ఇవే కొలతలను ప్రపంచానికంతటికీ ఇచ్చింది.

నీటి మీద హద్దురాయి పాతడానికి వీలు లేదు. ఆ కనిపించని హద్దు బరువు మోసేది మత్స్యకారులు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి ఏటా ఎందరో గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్లి అక్కడి బోట్లలో వేటకు పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిలో కొందరిని తమ జలాల్లోకి వచ్చారంటూ పాకిస్తాన్ అదుపులోకి తీసుకుంది. 20 మంది ఆంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. కంటికి కనిపించని ఒక గీత వాళ్లకు ఏడాదికి పైగా జైలయింది.

అధికార పరిధి

న్యాయస్థానాలకు పరిధి మూడు విధాలు. ఏ ప్రాంతపు వ్యవహారం అన్నది ప్రాదేశిక పరిధి. ఎంత విలువ గల దావా అన్నది ఆర్థిక పరిధి. ఏ రకమైన వివాదం అన్నది విషయ పరిధి. స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్న చోటి కోర్టులోనే వేయాలని సివిల్ ప్రక్రియా స్మృతి చెబుతుంది. బాకీ వంటి దావాలను ప్రతివాది నివసించే చోట గాని, వివాదానికి కారణం పుట్టిన చోట గాని వేయవచ్చు.

రాజ్యాంగ న్యాయస్థానాల పరిధిని మార్చేసిన వ్యాజ్యాల్లో ఒకటి కాకినాడ నుంచి వెళ్లింది. సాకా వెంకటరావు 1952 ఉప ఎన్నికలో కాకినాడ రిజర్వుడు స్థానం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1942లో పడిన ఏడేళ్ల కఠిన శిక్ష నుంచి ఆయన 1947లో విడుదలయ్యారు. విడుదలై ఐదేళ్లు నిండలేదు కాబట్టి ఆయన అర్హత మీద ఎన్నికల కమిషన్ విచారణ తలపెట్టింది. దాన్ని ఆపమని ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్లి రిట్ పొందారు. 1953లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కమిషన్ కార్యాలయం ఢిల్లీలో ఉంది, మద్రాసు హైకోర్టు పరిధి ఢిల్లీ దాకా రాదు అన్నది తీర్పు సారం. దాంతో ఢిల్లీలోని ఏ కేంద్ర సంస్థ మీద ఫిర్యాదున్నా, అన్యాయం జరిగింది ఎక్కడైనా, రిట్ కోసం ఆ సంస్థ ఉన్న చోటికే పోవాల్సి వచ్చింది. పదేళ్లు గడిచాక 1963లో రాజ్యాంగానికి 15వ సవరణ చేశారు. వివాదానికి కారణం పూర్తిగా గాని, కొంత గాని తన ప్రాంతంలో పుట్టి ఉంటే, ప్రతివాది కార్యాలయం ఎక్కడున్నా హైకోర్టు రిట్ ఇవ్వవచ్చని అది చెప్పింది. అంతవరకు ప్రతివాది ఉన్న చోటును బట్టి నిర్ణయమైన పరిధి, అప్పటి నుంచి వివాదానికి కారణం పుట్టిన చోటును బట్టి కూడా నిర్ణయమవుతోంది.

పోలీసుల విషయంలో ఈ మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. నేరం ఎక్కడ జరిగినా మొదట ఏ స్టేషన్‌కు వెళ్తే అక్కడే ఫిర్యాదు తీసుకుని, సున్నా నంబరుతో నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషన్‌కు పంపాలన్నదే జీరో ఎఫ్‌ఐఆర్. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తరువాత ఏర్పడిన జస్టిస్ వర్మ కమిటీ కాలం నుంచి దీని గురించి చెబుతూనే ఉన్నారు. అమలు మాత్రం అంతంతమాత్రం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర అత్యాచారానికి, హత్యకు బలైన యువ పశువైద్యురాలి కుటుంబం, తాము ఆ రాత్రి ఫిర్యాదుకు వెళ్తే పరిధి పేరు చెప్పి తిప్పారని ఆరోపించింది. కేసు నమోదులో ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ తరువాతే రెండు తెలుగు రాష్ట్రాల్లో జీరో ఎఫ్‌ఐఆర్ మీద గట్టి ఆదేశాలు వెళ్లాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ దీన్ని చట్టంగా చేసింది. నేరం ఏ ప్రాంతంలో జరిగిందన్న దానితో పని లేకుండా సమాచారం తీసుకోవాల్సిందే.

పరిధి కాదని చెప్పడంతో కార్యాలయం పని అయిపోదని చట్టాలు మరికొన్ని చోట్ల కూడా చెబుతున్నాయి. తన పరిధిలోకి రాని దావా పత్రాన్ని సరైన కోర్టులో వేసుకోమని తిరిగి ఇవ్వాలే గాని, ఆ ఒక్క కారణంతో దావాను కొట్టేయకూడదు. సమాచార హక్కు చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. అడిగిన సమాచారం మరో శాఖ దగ్గర ఉంటే, దరఖాస్తును ఐదు రోజుల్లోపు ఆ శాఖకు పంపి, పంపిన సంగతి దరఖాస్తుదారుకు చెప్పాలని 2005 నాటి ఆ చట్టం 6(3) సెక్షన్ ఆదేశిస్తుంది. ఇది మా పరిధి కాదు అన్న మాటతో పాటు ఇది ఎవరి పరిధో చెప్పాల్సిన బాధ్యత కూడా ఆ కార్యాలయానిదే.